పడమటి బాల్కనీలో కొత్తిమీర: ఒక కేస్ స్టడీ

"కొత్తిమీర కుండీలో బతకట్లేదు" అని పిలిచేవాళ్ళు దాన్ని ఒకే సమస్యగా చెబుతారు. వెళ్ళి చూస్తే చాలావరకు రెండో మూడో కలిసి ఉంటాయి. విత్తనం మొలవకపోవడం ఒకటి. మొలిచింది నాలుగు రోజుల్లో పడిపోవడం ఇంకొకటి. నిలబడ్డ మొక్క సరిగ్గా ఆకు వేయకముందే పూతకు ఎక్కడం మరొకటి. కారణాలు వేరు, చేయాల్సిన పనులూ వేరు. ఈ కేసులో మూడూ ఒకే బాల్కనీలో ఉన్నాయి. ఇంటివాళ్ళు మాత్రం మూడింటికీ ఒకటే వైద్యం చేశారు, ఎరువు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఇల్లు మూడో అంతస్తులో. బాల్కనీ పడమర వైపు. పొద్దునంతా నీడే. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఎండ నేరుగా పడి, పొద్దుగూకేదాకా వదలదు. మొక్కలు చూసుకునేది ఇంటావిడ. రిటైరైన మనిషి, ఓపికున్న మనిషి. అదే బాల్కనీలో టమాటా, పుదీనా చక్కగా పెంచుతున్నారు. "అన్నీ వస్తాయి బాబూ, ఇదొక్కటే నామీద పగబట్టింది" అన్నారు. టమాటా బాగా వస్తోందన్న మాట దగ్గరే నాకు సగం విషయం తెలిసింది. టమాటాకు నచ్చే వేడి కొత్తిమీరకు నచ్చదు.

కొత్తిమీర కుండీలు నల్ల ప్లాస్టిక్‌వి, జానెడు లోతు కూడా లేవు. గోడకు ఆనించి వరసగా పెట్టారు. ఒకదాంట్లో ఏమీ లేదు, పైమట్టి పెచ్చు కట్టి ఉంది. ఇంకోదాంట్లో సన్నటి మొలకలు మొదలు దగ్గర నల్లబడి, నడుము విరిగినట్టు పక్కకు పడి ఉన్నాయి. మూడోదాంట్లో మొక్కలు ఉన్నాయిగానీ బెత్తెడు ఎత్తులోనే తెల్లపూత వచ్చేసింది.

ఇలాంటి చోట నేను ముందు ఆకులు చూడను, మట్టి తవ్వుతాను. ఖాళీ కుండీలో పెచ్చు లేపితే ధనియాలు దొరికాయి. కొన్ని మెత్తగా కుళ్ళాయి. కొన్ని వేసినవి వేసినట్టే గట్టిగా ఉన్నాయి, ఉబ్బనైనా ఉబ్బలేదు. పూతకొచ్చిన కుండీలోంచి ఒక మొక్కను మట్టితో సహా లేపాను. తల్లివేరు కాస్త దిగి, అడుగున పరిచిన గులకరాళ్ళు తగలగానే అడ్డంగా తిరిగి మెలిక పడింది. కొత్తిమీరది క్యారెట్ కుటుంబం. దానికి నేరుగా కిందికి దిగే తల్లివేరు ఉంటుంది. ఆ వేరుకు దెబ్బ తగిలినా, దారి లేకపోయినా మొక్క ఆకు పెంచడం మీద ఆశ వదులుకుని విత్తనం వైపు తొందరపడుతుంది. నారు పోసి పీకి నాటిన కొత్తిమీర త్వరగా పూతకు రావడానికీ ఇదే ముఖ్య కారణం. నర్సరీ ట్రేల్లో పెంచిన కొత్తిమీర మొక్కలు కొనొద్దని నేను చెప్పేది అందుకే. ఎక్కడ పెరగాలో అక్కడే విత్తాలి.

విత్తనం సంగతి

ఆవిడ వాడినవి వంటింటి డబ్బాలోని ధనియాలు. అవి మొలవవని చెప్పడానికి లేదు, చాలాసార్లు బాగానే మొలుస్తాయి. కానీ వంట కోసం అమ్మే ధనియాలు ఎప్పటివో, ఎంత వేడిలో ఎండాయో, పురుగు పట్టకుండా ఏం చేశారో మనకు తెలియదు. పైగా అవి గింజ దిగుబడి కోసం పెంచే రకాలవి అయ్యుంటాయి, అంటే తొందరగా పూతకు రావడమే వాటి మంచి గుణం. ఆకు కోసం పెంచేవాళ్ళకు కావలసింది దీనికి సరిగ్గా ఎదురు.

వాదన పెట్టుకోకుండా పరీక్ష చేద్దామన్నాను. తడిపిన టిష్యూ కాగితాల మధ్య ఒకవైపు డబ్బా ధనియాలు 20, ఇంకోవైపు ఆకు కోసమని అమ్మే నిదానంగా పూసే రకం గింజలు 20 పేర్చి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఇంట్లో చల్లగా ఉండే మూల ఉంచాం. రెంటినీ ముందు నలిపి బద్దలు చేశాం. మనం ధనియం అనేది నిజానికి కాయ. లోపల రెండు గింజలు ఉంటాయి. చపాతీ కర్రతో మెల్లగా దొర్లిస్తే రెండుగా విడిపోతుంది. గట్టిగా నొక్కితే లోపలి గింజ కూడా నలుగుతుంది, అప్పుడది పనికిరాదు. నలపకుండా వేసినా మొలుస్తుంది, కాకపోతే ఆలస్యంగా, ఒకేచోట రెండు మొలకలు గుంపుగా వస్తాయి.

పది రోజులయ్యేసరికి ప్యాకెట్ గింజల్లో ఎక్కువ భాగం తెల్లటి వేరు పెట్టాయి. డబ్బావి అక్కడొకటి ఇక్కడొకటి. ఆవిడ కాగితం విప్పి కాసేపు చూసి, "ఇన్నాళ్ళూ మట్టిని తిట్టాను" అన్నారు. మట్టిని తిట్టాల్సిన పని కూడా ఉందని తర్వాత చెప్పాను.

ఒక జాగ్రత్త. విత్తనాల ప్యాకెట్లో గింజలు గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఉంటే వాటికి శిలీంద్రనాశని పట్టించారన్నమాట. అవి వంటలో వేయకూడదు. మిగిలినవి వంటింటి డబ్బా దరిదాపుల్లో పెట్టకూడదు. చేత్తో ముట్టుకుంటే కడుక్కోవాలి.

రెండు చేతులు పోసిన నీళ్ళు

మొలకలు మొదలు దగ్గర నల్లబడి పడిపోవడాన్ని నారుకుళ్ళు అంటారు. రైజోక్టోనియా లాంటి శిలీంద్రాలు, పిథియం లాంటి శిలీంద్రాలను పోలిన సూక్ష్మజీవులు చేసే పని. అవి మట్టిలో ఎప్పుడూ ఎంతో కొంత ఉంటాయి. వాటికి బలం వచ్చేది మట్టి ఆరకుండా ఉన్నప్పుడు, మొలకలు ఊపిరాడనంత ఒత్తుగా ఉన్నప్పుడు. ఇక్కడ రెండూ ఉన్నాయి. ఒత్తుగా ఎందుకున్నాయో అర్థమైంది, మొలవట్లేదని గుప్పెళ్ళకొద్దీ చల్లారు. కానీ ఆవిడ రోజుకు ఒక్కసారే, అదీ కొద్దిగానే నీళ్ళు పోస్తానంటున్నారు. మట్టి మాత్రం పిండితే నీళ్ళు కారేలా ఉంది. లెక్క కుదరలేదు.

మేం మాట్లాడుకుంటుంటే ఆవిడ భర్త లోపలి నుంచి వచ్చారు. "సాయంత్రం చూస్తే ఆకులన్నీ వాడిపోయి ఉంటాయండీ, పాపం అనిపించి నేనూ ఓ మగ్గు పోస్తుంటాను" అన్నారు మామూలుగా. ఆవిడ ఆయన వైపు తిరిగి, "మీరు పోస్తున్నారా? నాకో మాట చెప్పరేం?" అన్నారు. ఆ తర్వాతి సంభాషణ ఈ కేసుకు అవసరం లేదు.

ఇద్దరిదీ తప్పనిపించలేదు నాకు. ఎండ వేడికి ఆకులోంచి నీరు పోయే వేగం వేరు తాగే వేగాన్ని దాటితే, మట్టి నిండా తడి ఉన్నా ఆకు వాలిపోతుంది. నీడ పడ్డాక దానంతటదే లేస్తుంది. అంటే వాలిన ఆకును చూసి నీళ్ళు పోయడం సరైన పద్ధతి కాదు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడాలి. చల్లగా, తడిగా తగిలితే ఆరోజుకు వద్దు. అప్పటికీ అనుమానంగా ఉంటే కుండీని ఒకవైపు ఎత్తి బరువు చూడాలి. తడిసిన కుండీకీ ఆరిన కుండీకీ ఉండే తేడా నాలుగు రోజుల్లో చేతికి అలవాటైపోతుంది. ఇళ్ళలో నేను ఎక్కువగా నేర్పేది ఈ ఎత్తి చూడడమే. తేమ మీటర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, తేలిక మిశ్రమాల్లో చౌకరకం మీటర్లు ఏదో ఒక అంకె చూపిస్తుంటాయి.

నీళ్ళు నిలవడానికి ఇంకో కారణం ఆ గులకరాళ్ళు. అడుగున రాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. జరిగేది వేరు. సన్నటి రంధ్రాలున్న మట్టిలోంచి పెద్ద ఖాళీలున్న రాళ్ళలోకి నీరు అంత తేలిగ్గా దిగదు. పై మట్టి పూర్తిగా నిండాకే దిగుతుంది. తడిపిన స్పాంజిని నిలబెట్టి పట్టుకుంటే కారాల్సింది కారాక కూడా కింది అంచులో నీరు నిలిచే ఉంటుంది చూడండి, కుండీ అడుగున కూడా అలాంటి నానిన పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. రాళ్ళు వేస్తే ఆ పొర ఇంకాస్త పైకి, వేళ్ళకు ఇంకాస్త దగ్గరికి వస్తుంది. లోతు తక్కువ కుండీలో అయితే మొక్కకు మిగిలే పొడి చోటే ఉండదు. రంధ్రం మీద మట్టి జారకుండా ఒక వల ముక్క చాలు.

వేడి

ఆవిడకు అన్నిటికంటే బాధ కలిగించింది పూత. మొలిచి, బతికి, చేతికందే సమయానికి ఇలా అయితే ఎవరికైనా విసుగే. పూత మొగ్గలు రాకముందే ఆకు చెప్పేస్తుంది. మామూలు ఆకు వెడల్పుగా, అంచులు గుండ్రంగా చీలి ఉంటుంది. మొక్క మనసు మార్చుకున్నాక నడిమి కాడ లేచి, దాని మీద వచ్చే ఆకులు సన్నగా, ఈకల్లాగా చీలిపోతాయి. ఆ ఈకల ఆకు కనిపించాక వెనక్కి తిప్పే మార్గం లేదు. పూకాడ తుంచితే కొన్నాళ్ళు ఆలస్యమవుతుంది, అంతే. మొక్క మళ్ళీ వెడల్పాకు వేయదు. ఎరువేస్తే తిరుగుతుందనుకోవడం వట్టి ఆశ. ఆవిడ వేసిన ఎరువు చేసిందల్లా ఆకుల అంచులు మాడ్చడం. చిన్న కుండీలో లవణాలు పోగుపడితే అంచులే ముందు గోధుమరంగుకు మారతాయి.

పూతను తొందరపెట్టేవి ముఖ్యంగా రెండు, వేడి, పగటి పొడవు. నీటి ఎద్దడి, వేరు ఇరుకు వాటికి తోడవుతాయి. మధ్యాహ్నం మూడింటికి వంటింటి థర్మామీటర్ ఒకటి నల్ల కుండీ మట్టిలో గోడ వైపు గుచ్చాను. 37 డిగ్రీలు. బాల్కనీలో గాలి అప్పుడు 31. కొత్తిమీర హాయిగా పెరిగేది దాదాపు 15 నుంచి 24 డిగ్రీల మధ్య. నేల మొక్కకు పైన ఎంత ఎండ ఉన్నా వేరు కింద చల్లగా ఉంటుంది. కుండీ మొక్కకు ఆ సౌకర్యం లేదు. పక్కల నుంచీ వేడే, వెనక గోడ రాత్రి దాకా విడిచేదీ వేడే. ఆ నల్ల ప్లాస్టిక్ పక్కన వేళ్ళు ఉడికినంత పనైంది. ఖాళీ కుండీలో గింజలు ఉబ్బకుండా ఉండిపోవడానికి పాత విత్తనంతో పాటు ఈ వేడి కూడా కారణమే. మట్టి 30 డిగ్రీలు దాటితే ధనియం మొలక బాగా దెబ్బతింటుంది.

ఇంకో విషయం గమనించాను. బాల్కనీ దీపం అర్ధరాత్రి దాకా వెలుగుతూనే ఉంటుందట. కొత్తిమీరకు పగలు పొడవైతే పూత త్వరగా వస్తుంది, రాత్రి వెలుగు దాన్ని ఇంకొంచెం తోయగలదు. ఇక్కడ దీపమే దోషి అని నేననను. ఆ వేడి ముందు దాని వంతు చిన్నది. ఆర్పేయడానికి ఖర్చేమీ లేదు గనక ఆర్పమన్నాను. తర్వాత కుండీలు కూడా చోటు మారాయి కాబట్టి దాని ప్రభావం ఎంతో విడదీసి చెప్పలేను.

ఏం మార్చాం

కుండీలు మార్చాం. లేతరంగువి, 25 సెంటీమీటర్ల లోతు, పొడుగాటి తొట్టెలు. వెడల్పుకంటే లోతు ముఖ్యమా అని ఆవిడ అడిగారు. తల్లివేరుకు లోతు, మనకు కోతకు వెడల్పు. 20 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా ఎంత వెడల్పు దొరికితే అంత మంచిది. మట్టి పరిమాణం పెరిగేకొద్దీ వేడి నిదానంగా ఎక్కుతుంది, తడి నిదానంగా ఆరుతుంది. అందుకే నాలుగు చిన్న కుండీలకంటే ఒక పెద్ద తొట్టె నయం.

మిశ్రమం మామూలుదే. కడిగిన కోకోపీట్ (ఇటుకల్లా నొక్కి అమ్మే కొబ్బరి పీచు పొడి), చివికిన కంపోస్ట్, తోటమట్టి మూడూ సమానంగా, మట్టి బంకగా ఉంది కాబట్టి దాన్ని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళికలు, పెర్లైట్, కొంచెం. కోకోపీట్‌ని రెండుమూడుసార్లు నానబెట్టి నీళ్ళు వంపేయడం మరిచిపోకూడదు, కొన్ని ఇటుకల్లో ఉప్పు బాగా ఉంటుంది. కంపోస్ట్ సరిగ్గా చివకకపోతే నారుకుళ్ళును మనమే పిలిచినట్టు. పాత మట్టిని ఈ పంటకు వాడలేదు. పారేయనూ లేదు, ఎండబెట్టి పూలమొక్కల కిందికి పంపాం.

చోటు గురించే ఎక్కువ చర్చ జరిగింది. ఆవిడకు గోడ పక్కన వరస చూడ్డానికి బాగుంటుంది. నేను తొట్టెల్ని రెయిలింగ్ లోపలి వైపు, టమాటా కుండీల వెనక పెట్టమన్నాను. మధ్యాహ్నం ఎండ ముందు టమాటా మీద పడుతుంది, కొత్తిమీరకు వడపోసిన వెలుగు అందుతుంది. పైన సగం నీడనిచ్చే షేడ్ నెట్ ముక్క కట్టాం, మధ్యాహ్నం దించి పొద్దున తీసేలా. పూర్తి నీడ మాత్రం వద్దు. అందులో మొక్క సన్నగా సాగి, ఆకు తక్కువ కాడ ఎక్కువ అవుతుంది. తొట్టెలకూ నేలకూ మధ్య రెండు చెక్కముక్కలు పెట్టాం, వేడెక్కిన గచ్చు తగలకుండా, రంధ్రాలకు గాలి ఆడేలా. ఇదే థర్మామీటర్ తర్వాత అదే వేళకు ఇదే ఎండలో 28 దగ్గర ఆగింది. ఈ కేసులో నాకు నిజంగా తృప్తినిచ్చిన అంకె ఇది.

బద్దలు చేసిన గింజల్ని రాత్రి నానబెట్టి, పొద్దున వడకట్టి, నీడన కాసేపు ఆరబెట్టి వేశాం. సెంటీమీటరు లోతు గాడి, వేలెడు దూరంలో ఇంకో గాడి. గింజకూ గింజకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్లు. పైన పలచగా మిశ్రమం కప్పి అరచేత్తో అదిమాం. మొలిచేదాకా పైన తడి గోనెపట్టా. మొదటి మొలక కనిపించిన రోజే పట్టా తీసేయాలి, ఒక రోజు ఆగినా మొలకలు పాలిపోయి సాగుతాయి.

ఒక ముఖ్యమైన నియమం పెట్టాం, ఒకేసారి అన్ని తొట్టెల్లో వేయకూడదు. ఒకదాంట్లో వేశాక రెండు మూడు వారాలకు ఇంకోదాంట్లో, మళ్ళీ అంతే ఆగి మూడోదాంట్లో. కొత్తిమీర ఏడాదిలో పని ముగించుకునే మొక్క, పూత దాని జీవితంలో భాగం. నీడ, నీళ్ళు, రకం అన్నీ కలిపి మనం కొన్నే వారాలు సంపాదించగలం. ఒక తొట్టె పూతకు వెళ్ళేలోపు తర్వాతిది కోతకు రావాలి. నన్నడిగితే ఒక ఇంటికి ఏడాది పొడుగునా కొత్తిమీర దొరకడానికి నీడ వలకంటే ఈ వరస విత్తడమే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఎవరూ పాటించరు, అది వేరే సంగతి. మొదటి తొట్టె పచ్చగా కనిపించగానే రెండోది వేయడం మరిచిపోతారు. ఆవిడ క్యాలెండర్లో గుర్తు పెట్టుకున్నారు. నీళ్ళ డ్యూటీ ఆవిడకే అని కూడా అదే క్యాలెండర్ మీద రాశారు.

తర్వాత

మొదటి తొట్టెలో రెండో వారానికి వరసలు స్పష్టంగా తేలాయి. మొలకతో వచ్చే బీజదళాల తర్వాత రెండు నిజమైన ఆకులు వచ్చాక పలచన చేశాం. పీకితే పక్కదాని వేరు కదులుతుంది, అందుకని మొదలు దగ్గర కత్తెరతో కత్తిరించాం. తీసిన లేత మొలకలు పారేసేవి కావు, వాసన బాగానే ఉంటుంది. మిగిలిన మొక్కలకు ఎనిమిది పది సెంటీమీటర్ల ఎడం దొరికింది. ఒక మూల మాత్రం నారుకుళ్ళు మళ్ళీ కనిపించింది. అక్కడ గింజలు ఒకే చోట పడి మొలకలు గుంపుగా వచ్చాయి. ఆ గుంపును మట్టితో సహా తవ్వి తీసేసి, ఆ మూల నీళ్ళు ఆపాం. మిగతా వాటికి పాకలేదు. మందు వేయమని ఆవిడ అడిగారు. గాలి ఆడడం, పైమట్టి ఆరడం కంటే మంచి మందు ఈ దశలో లేదని చెప్పాను.

నాలుగైదు ఆకులు వచ్చాకే ఎరువు. ద్రవరూపంలో, ప్యాకెట్ మీద చెప్పినదాంట్లో సగం గాఢతతో, రెండు వారాలకొకసారి. నత్రజని ఎక్కువైతే ఆకు నవనవలాడుతుంది గానీ వాసన తగ్గుతుంది, పేనుబంక వెతుక్కుంటూ వస్తుంది.

పేనుబంక ఎలాగూ వచ్చింది. రెండో తొట్టెలో ఆకుల అడుగున, లేత కాడల మీద ఆకుపచ్చ గుంపులు. పచ్చిగా తినే ఆకు కాబట్టి పురుగుమందు మాటే లేదు. పొద్దున పూట నీళ్ళ జల్లు ఆకు అడుగు భాగానికి గట్టిగా తగిలేలా కొట్టాం, మరీ ముసిరిన కాడలు కోసి పారేశాం. నాలుగైదు రోజులు వరసగా చేస్తే అదుపులోకి వచ్చింది. ఇక్కడ పాత పూత కుండీ పనికొచ్చింది. దాన్ని తీసేయొద్దని మొదట్లోనే చెప్పాను. ఆ తెల్లపూల మీద సిర్ఫిడ్ ఈగలు వాలతాయి, వాటి పిల్లపురుగులు పేనుబంకను తింటాయి. ఆ ఈగల్ని చూసి ఆవిడ కందిరీగలని భయపడ్డారు. పసుపు నలుపు చారలు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు, కుట్టవు.

కోత మొదలైంది ఆరో వారంలో. వేళ్ళతో సహా పీకే అలవాటు మాన్పించడం కాస్త కష్టమైంది. బయటి వైపు ముదురు కాడల్ని మొదలు దగ్గర కత్తిరించాలి, నడిమి లేత చిగురు ముట్టుకోకూడదు. ఒక్కసారికి మొక్కలో మూడో వంతుకు మించి తీయొద్దు. పొద్దున ఎండ రాకముందు కోస్తే ఆకు త్వరగా వాడదు. ఒక తొట్టె ఇలా మూడు నాలుగు కోతలు ఇచ్చి, ఈకల ఆకు చూపించింది. అప్పుడు ఇక దాచుకోవడం అనవసరం, ఉన్న వెడల్పాకంతా ఒకేసారి కోసేసి నాలుగైదు మొక్కల్ని మాత్రం గింజకు వదిలాం.

ఆ నాలుగైదింటిని ఎంచుకోవడంలో పట్టింపు ఉంది. ముందుగా పూసినవాటి గింజ దాస్తే, ముందుగా పూసే గుణాన్నే దాచుకున్నట్టు. అందరికంటే ఆలస్యంగా పూసిన మొక్కలకు దారం కట్టి, వాటి కాయలే తీసుకోవాలి. పాత కుండీలోని పూతను ఈగల కోసం ఉంచాం గనక ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొత్తిమీర పూలను పురుగులు కలుపుతాయి, పుప్పొడి అక్కడి నుంచి ఇక్కడికి వస్తుంది. అందుకని దారం కట్టిన మొక్కలు మొగ్గ వేస్తున్నాయనగా పాత కుండీ పూలన్నీ తుంచేయించాను. కాయలు చాలావరకు గోధుమరంగుకు తిరిగాక గుత్తుల్ని కోసి, కాగితపు సంచిలో తలకిందులుగా వేలాడదీస్తే రాలేవి సంచిలోనే రాలతాయి.

వేడి ముదిరే నెలలకు ఈ పడమటి బాల్కనీలో ఆకు కొత్తిమీర వద్దనే చెప్పాను. నీడ వలతో తోసుకురావచ్చు గానీ, పడే శ్రమకు దొరికే ఆకు చాలదు. ఆ నెలల్లో తొట్టెలు ఖాళీగా ఉంచి, ఇంట్లో వెలుతురు పడే కిటికీ దగ్గర పళ్ళెంలో ఒత్తుగా చల్లి, మొదటి నిజమైన ఆకు రాగానే మొలకలుగానే కోసుకోవడం మేలు. అంత లేత వయసులో పూత గొడవ ఉండదు, లోతు అక్కర్లేదు. ఆవిడకు ఈ ఏర్పాటు పెద్దగా నచ్చలేదు. "మొలకలు కోస్తే కొత్తిమీర పెంచినట్టు ఎలా అవుతుంది బాబూ" అన్నారు. ఒక తొట్టె మాత్రం మొండిగా బాల్కనీలోనే ఉంచి, దారం కట్టిన మొక్కల గింజలు అందులో వేశారు. వేడిలో అవి ఎన్నాళ్ళు ఆగుతాయో చూడాలని నాకూ ఉంది, అందుకే వద్దనలేదు. థర్మామీటర్ ఆ తొట్టెలోనే వదిలేసి వచ్చాను.